ఆదివారం మోగని రేకు

“పీకలేదు మొర్రో అంటుంటే వినరేంటండీ ఎవరూ?”

లాకప్పు ఊచలు పట్టుకుని మెకానిక్కు అరిచిన అరుపుకి బయట బల్ల మీద కునుకు తీస్తున్న కానిస్టేబులు ఉలిక్కిపడి టోపీ సర్దుకున్నాడు. ఆరా అక్కయ్య మాత్రం చలించలేదు. స్టూలు లాక్కుని ఊచలకు ఇవతల తాపీగా కూర్చుంది. ఆమె అసలు పేరు వాడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఎక్కడ ఏ గొడవ జరిగినా కూపీ లాగి, ఎదుటి మనిషి నోట్లోంచి నిజం రాబట్టేదాకా నిద్రపోని స్వభావం కాబట్టి అందరూ ఆమెను ఆరా అక్కయ్య అంటారు. వెటకారంగా అనేవాళ్లు కూడా అవసరం పడితే ఆమె గుమ్మమే ఎక్కుతారు.

“అరిచినంత మాత్రాన నమ్మేస్తారా? మెల్లగా చెప్పు. మీ బావ కారుకున్న రేకులు పీకి పారేస్తానని ఎవరెవరి ముందు అన్నావు?”

మెకానిక్కు నెత్తి గోక్కున్నాడు. “ఎవరి ముందు అనలేదో అడగండి. అది చెప్పడం తేలిక.”

వాడి నోరే వాడి కొంప ముంచింది. వాడి బావ కళ్లద్దాల షాపాయన. ఆయనకు పాతకాలపు బుల్లి కారొకటి ఉండేది. ఆ కారు ముందు చక్రాల లోపల బ్రేకు డిస్కులుంటాయి. ఒక్కో డిస్కు వెనక పళ్లెమంత పల్చటి రేకు బిగించి ఉంటుంది. షీల్డు అంటారు దాన్ని. వాననీళ్లూ బురదా డిస్కు మీద పడకుండా కాపు కాయడం దాని పని. అది ఉండాలా, తీసెయ్యాలా అని బావకీ బామ్మర్దికీ ఏళ్ల తరబడి రగడ. ఉంటే తుప్పు పడుతుందనీ, వంగి డిస్కుకు రాసుకుంటుందనీ, గాలి ఆడక బ్రేకు వేడెక్కుతుందనీ బామ్మర్ది వాదన. కారు ఏ రేకులతో పుట్టిందో ఆ రేకులతోనే ఉండాలని బావ పట్టుదల. భోజనాల దగ్గర కూడా అదే గొడవ. ఒక్కోసారి కంచాల ముందునుంచి లేచిపోయేదాకా వచ్చేది.

పోయిన వారం జోరువానలో ఆ కారు వాలు రోడ్డు దిగుతూ, అడుగున మలుపు దగ్గర కుడికి తిరిగి, పంపుహౌసు గోడను గుద్దింది. కళ్లద్దాలాయన అక్కడికక్కడే పోయాడు. తీరా కారును పరీక్షిస్తే ముందు చక్రాలు రెంటికీ షీల్డులు లేవు. మెకానిక్కు దొంగచాటుగా పీకేశాడు, డిస్కులు తడిసి బ్రేకు పట్టలేదు, మనిషి ప్రాణం పోయింది. పోలీసులు కట్టిన కథ అది. రేపు పొద్దున వాణ్ని కోర్టులో నిలబెడతారు.

“మా అక్క నన్ను నమ్ముతోందా అండీ?” అని వాడు గొంతు తగ్గించి అడిగాడు. ఇందాకటి నుంచి వాడు అడగాలనుకున్నది అదొక్కటేనని ఆరా అక్కయ్యకు అర్థమైంది.

“నమ్మబట్టే నా దగ్గరికొచ్చింది. ఆ సాయంత్రం కారు గేటు దాటుతుంటే రేకు కీచుమన్న చప్పుడు తన చెవులతో విందట.”

“హమ్మయ్య! ఇంకేం కావాలి? రేకు లేకుండా చప్పుడు ఎక్కణ్నుంచి వస్తుంది?”

“పూర్తిగా విను. ఆ చప్పుడు ఇప్పటికీ వినబడుతోందట. రోజూ చీకటి పడే వేళ కారు ఇంటి మలుపు దాకా వస్తుందట. కీచుమంటుందట. ఆగకుండా వెళ్లిపోతుందట.”

మెకానిక్కు చేతులు ఊచల మీదనుంచి జారిపోయాయి. “బావ పోయాక కూడానా?” అన్నాడు.

“అయ్యాయా వదినా, ములాఖాతులు?” అంటూ ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. ఆరా అక్కయ్యకు స్వయానా మరిది. ఆమె పెట్టిన అన్నం తిని పెరిగినవాడే అయినా, కేసు దగ్గరికొచ్చేసరికి ఆమె పొడ గిట్టదు. ఇప్పటికి రెండుసార్లు అతను మూసేసిన కేసులు ఆమె తెరిపించింది మరి.

“వీడి అక్క వాంగ్మూలం ఎందుకు తీసుకోలేదు నువ్వు?” అంది ఆరా అక్కయ్య.

“తీసుకుని ఏం చెయ్యమంటారు? చచ్చిపోయినాయన రోజూ కారులో తిరుగుతున్నాడని సాక్ష్యం చెప్పే మనిషిని కోర్టుకు తీసుకెళ్తే జడ్జిగారు నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు. ఆ రోజు విన్నదీ అంతే, ఇప్పుడు వింటున్నదీ అంతే. పాపం దుఃఖంతో మతి చలించింది.”

“వెళ్లి విన్నారా మీరెవరైనా?”

“ఎందుకు వినలేదూ? ఇదిగో, వీణ్నే పంపించాను. గేటు దగ్గర రెండు గంటలు పడిగాపులు పడ్డాడు. దోమలు కుట్టాయి తప్ప ఏ కారూ రాలేదు.”

కానిస్టేబులు అవునన్నట్టు మెడ గోక్కున్నాడు.

“ఏ రోజు వెళ్లావు నాయనా?”

“ఆదివారమండీ. ఆ రోజైతే నాకు డ్యూటీ ఉండదని...”

ఆరా అక్కయ్య కాసేపు వాడి మొహంలోకి చూసింది. “కారు చూడాలి పద,” అంది మరిదితో. అతను నసిగాడు. “సరే, మీ అన్నయ్యతో చెప్తాలే,” అనేసరికి గొణుక్కుంటూ జీపు తాళాలు తీశాడు.

*

మరిది ఫోను చెయ్యడంతో స్టేషను వెనక వీధిలో ఉన్న షెడ్డు తలుపు తీసి పెట్టుకుని బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదురు చూస్తున్నాడు. బండ్లు పరీక్షించి సర్టిఫికెట్లిచ్చే అధికారి. ఈ కారును పరీక్షించి షీల్డులు లేవని తేల్చింది ఆయనే. చేతులకు మరక అంటితే సహించలేని మనిషి, మాట్లాడినంతసేపూ తెల్లటి రుమాలుతో వేళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పైకప్పు కారి షెడ్డు నేల ఇంకా తడిగానే ఉంది. బుల్లి కారు మధ్యలో జాకీల మీద నిలబడి ఉంది. ముందు భాగం నొక్కుకుపోయింది. ఒక హెడ్‌లైటు పగిలింది, రెండోది మాత్రం చెక్కు చెదరలేదు. ఎటు జరిగినా అది తననే చూస్తున్నట్టనిపించింది ఆరా అక్కయ్యకు. డ్రైవరు సీటు కింద కళ్లజోడు అద్దం ముక్క తళుక్కుమంది. ఊరందరికీ చూపు సరిచేసినాయన, పోయేటప్పుడు ఏం చూశాడో అనుకుంది.

ముందు చక్రాలు ఊడదీసి పక్కన పెట్టారు. ఆమె ఎడమ డిస్కు మీద చెయ్యేసి తిప్పింది. డిస్కు తిరిగింది. ఆగింది. చిన్న చప్పుడైనా రాలేదు. మళ్లీ తిప్పింది. ఏమీ లేదు. ఆ ఇంటావిడ చెవుల్లో రోజూ మోగుతున్నది ఈ కారులోంచి రావడానికి వీల్లేదు.

“పాతకాలం బండ్లకు షీల్డులే ప్రాణమమ్మా,” అన్నాడు బ్రేకు ఇన్‌స్పెక్టరు. “వాటిని పీకెయ్యడమంటే కనురెప్పలు కోసెయ్యడమే. కొత్తవి కొందామన్నా దొరకవు. తయారు చేసేవాళ్లే లేరు. ఆ మెకానిక్కు లాంటి వాళ్లను ఏం చేసినా పాపం లేదు.”

“మీరూ ఈ బండ్ల మీద మోజున్నవారే అన్నమాట.”

“ఏదో, చిన్నప్పటి పిచ్చి,” అని నవ్వాడాయన.

“నాకొకటి చెప్పండి. రెండు చక్రాలూ తడిసి బ్రేకు పట్టకపోతే బండి తిన్నగా జారిపోవాలి కదా. ఇది కుడివైపుకి ఎందుకు తిరిగింది? కుడి చక్రం పట్టి, ఎడమది పట్టకపోతేనే అలా తిరుగుతుందని మా వీధి టాక్సీవాడు కూడా చెప్తాడు.”

బ్రేకు ఇన్‌స్పెక్టరు చూపు ఒక్క క్షణం ఎడమ డిస్కు మీదికి పోయి వచ్చింది. “వానలో బండి ఎటైనా తిరుగుతుందమ్మా,” అన్నాడు.

ఆరా అక్కయ్య టార్చి వేసుకుని చక్రం ఉండాల్సిన చోట తల దూర్చింది. చీర కుచ్చెళ్లు నేలమీది నల్లటి తడిలో ఆనుతున్నా పట్టించుకోలేదు. లోపల ప్రతి అంగుళం మీదా ఎండిన బురద పేరుకుని ఉంది. కడ్డీల మీద, గొట్టాల మీద, బోల్టుల సందుల్లో. డిస్కు వెనక మాత్రం, బోల్టుల చుట్టూ అరచెయ్యంత మేర, ఇనుము నున్నగా మెరుస్తోంది. అక్కడ బురద చుక్క కూడా లేదు. ఆ నునుపు చుట్టూ గీత గీసినట్టు అంచు. గోడమీద చాలాకాలం వేలాడిన పటం తీసేస్తే కింద సున్నం ఎలా తెల్లగా మిగులుతుందో అచ్చం అలా ఉంది. బోల్టు తలల మీద బురద పొడిగా పగిలి, పానా పట్టిన గీతలు తాజాగా కనిపిస్తున్నాయి.

“మరిదీ, ఇలా రా. వంగు. యూనిఫారం నలిగితే మీ ఆవిడ ఇస్త్రీ చేస్తుందిలే. ఏం కనిపిస్తోంది?”

“ఇనుము.”

“శుభ్రంగా ఉందా, బురదగా ఉందా?”

“శుభ్రంగానే ఉంది. అయితే?”

“రేకు ముందే పీకేసి ఉంటే, ఆ రోజు కురిసిన వానకి ఇక్కడ కూడా బురద పట్టాలా వద్దా? పట్టలేదంటే గోడను గుద్దేటప్పటికి రేకు ఇక్కడే ఉంది. బురద ఎండాక ఎవరో ఊడదీశారు. ఎండింది ఎక్కడ? ఈ షెడ్డులో.”

మరిది మొహం కందగడ్డయింది. “షెడ్డు తాళం చెవి ఒకటి నా దగ్గరుంది. అంటే నేను దొంగనంటారా?”

“నీకు పానా ఎటు పట్టుకోవాలో తెలీదు, నువ్వెలా ఊడదీస్తావు? రెండోది ఎవరి దగ్గరుంది?”

“వదినా! ఆయన సర్వీసంతా ఒక్క మచ్చ లేదు. మీరు మరీ హద్దు మీరుతున్నారు!”

ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. తలుపు దగ్గర ఎవరూ లేరు. తాళం చెవి మాత్రం గొళ్లానికి వేలాడుతూ ఇంకా ఊగుతోంది.

“డ్యూటీ టైమైపోయింది, ఆఫీసులో సంతకం పెట్టి ఇంటికెళ్తాడు,” అన్నాడు మరిది. అతని గొంతులో ఇందాకటి ధీమా లేదు.

“ఇంటికి ఏ దారిన వెళ్తాడు?”

మరిదికి తెలీదు. ఆమె అప్పటికే జీపెక్కి కూర్చుంది.

*

కళ్లద్దాలాయన ఇల్లు సందు చివర, సరిగ్గా మలుపు మీద ఉంది. ఒక పక్క ఖాళీ స్థలం, రెండో పక్క తాళం వేసిన గోడౌను. ఇంట్లో దీపాలు వెయ్యలేదు. ఆయన భార్య గేటు లోపల మెట్టు మీద కూర్చుని ఉంది. ఎవరో వస్తారని ఎదురుచూసే మనిషిలాగే ఉంది తప్ప భర్త పోయినావిడలా లేదు. మరిదికి ఆవిణ్ని చూస్తే జాలీ, భయం రెండూ కలిగాయి. దూరంగానే నిలబడ్డాడు.

“కూర్చోండక్కయ్యా,” అందావిడ మెల్లగా. “ఇంకాసేపట్లో వస్తారు.”

“రోజూ వస్తారా చెల్లీ?”

“ఆదివారం రారు. మిగతా రోజులు తప్పరు.”

ఆ మాట ఆవిడ చాలా మామూలుగా అంది. ఆరా అక్కయ్య బుర్ర మాత్రం చురుగ్గా పనిచెయ్యడం మొదలుపెట్టింది. పోయినవాళ్లకు వారానికొక రోజు సెలవెందుకు? సెలవులుండేది ఆఫీసు వాళ్లకు.

“ఆ వాన రోజు వెళ్లేటప్పుడు కూడా ఇదే చప్పుడా?”

“ఇదే. కాకపోతే ఆ రోజు సన్నగా వచ్చింది. ఉండీ లేనట్టు. అందుకే చెవి ఒగ్గి మరీ విన్నాను.” ఆవిడ మరిది వైపు తిరిగింది. “బాబూ, రేకు ఉంది. మా తమ్ముడు నోటి దురుసు మనిషేగానీ బావకి హాని చేసేవాడు కాదు. నా మాట ఎందుకు నమ్మరు మీరు?”

మరిది గేటు చువ్వలు లెక్కపెడుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

వెలుతురు పూర్తిగా సన్నగిల్లింది. సందు మొదట్లో ఎక్కడో ఇంజను చప్పుడు. చిన్న ఇంజను, దగ్గుతున్నట్టు. అది దగ్గరైంది. మలుపులో వేగం తగ్గింది.

కీచ్... కీచ్... కీచ్...

మరిది చెయ్యి తెలియకుండానే గేటు పట్టుకుంది. ఆవిడ కళ్లు మూసుకుని, మొహం చప్పుడు వైపు తిప్పి వింటోంది.

“ఇప్పుడు నీ మతి కూడా చలించిందా మరిదీ?” అంది ఆరా అక్కయ్య చెవిలో. “దెయ్యమైతే నాది పూచీ. వెళ్లి ఆపు!”

అతను ఒక్క ఉదుటున రోడ్డు మధ్యకు దూకి రెండు చేతులూ చాపాడు. కారు కీచుమంటూనే అతని మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది. అదే బుల్లి కారు, అదే గుండ్రటి హెడ్‌లైట్లు. రంగు మాత్రం వేరు. స్టీరింగు వెనక బ్రేకు ఇన్‌స్పెక్టరు తెల్ల రుమాలు పిడికిట్లో నలుపుతూ కూర్చుని ఉన్నాడు.

“దిగండి,” అన్నాడు మరిది. ఆ గొంతు వింటే ఆరా అక్కయ్యకు కూడా భయమేసింది.

ఆమె టార్చి ఎడమ చక్రం మీద వేసి వంగింది. డిస్కు వెనక పాత రేకు, ఒక అంచు లోపలికి వంగి ఉంది. “వంగినదాన్ని తిన్నగా కొట్టుకోలేకపోయారా మాస్టారూ? దొరికిపోయేవారు కాదు కదా.”

“కారుతో పుట్టిన రేకును సుత్తితో కొట్టకూడదమ్మా,” అన్నాడాయన, అంత భయంలోనూ నొచ్చుకుంటూ. “అది ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి.” తర్వాత కుప్పకూలినట్టు బానెట్‌కి ఆనుకున్నాడు. “నా కారుకి రెండూ లేవు. ఎన్ని పాత సామాన్ల కొట్లు తిరిగానో నాకే తెలీదు. తుక్కు కింద పోయే బండే కదా అని తీసుకున్నాను. ఆ తర్వాత అక్కడ లేవని చెప్పక తప్పలేదు. ఆ కుర్రాడి మీదికి పోతుందని అనుకోలేదు.”

“వాడి మీదికి పోయాక కూడా నోరు మెదపలేదేం?” మరిది ఆయన కాలరు పట్టుకున్నాడు. “మీ మాట మీద ఒకణ్ని లోపలేశాను! ఈవిణ్ని పిచ్చిదన్నాను!”

“నన్నేమన్నా పడతాను. ప్రమాదం మాత్రం నా వల్ల జరగలేదు. వాన వల్ల కూడా కాదు.” ఆయన ఆరా అక్కయ్య వైపు చూశాడు. “ఇందాక మీరడిగారు కదా, బండి కుడికి ఎందుకు తిరిగిందని. ఎడమ రేకు తీసినప్పుడు చూశాను. లోపలివైపు చుట్టూతా నూనె చిమ్మి ఉంది. గ్రీజు కాదు, పల్చటి నూనె. డిస్కు తిరుగుతూ విసిరింది. డిస్కును నొక్కి పట్టే బ్రేకు ప్యాడు కూడా నానిపోయింది. అలాంటి చక్రానికి బ్రేకు పడుతుందా? చెప్తే రేకు ఎక్కడ చూశావంటారని చెప్పలేదు. రేకు తుడిచేశానుగానీ ప్యాడు షెడ్డులోనే ఉంది. ఊడదీసి వాసన చూడండి.”

మరిది కాలరు వదిలాడు. అతని కళ్లలో కొత్త వెలుగు వచ్చింది.

“అంటే ఎవడో కావాలని పోశాడు! వదినా, ఇది హత్య. ఆ నూనె పోసినవాడు దొరకాలే గానీ, వాడు బతికుండగా జైలు గుమ్మం దాటడు.”

“అది నేను వేసిన నూనేమో బాబూ.”

ముగ్గురూ తిరిగి చూశారు. ఆవిడ గేటు తీసుకుని బయటికి వచ్చింది. ఆ కంగారు లేని మొహం చూడగానే ఆరా అక్కయ్య గబగబా ఎదురెళ్లింది.

“నువ్వు లోపలికి పద చెల్లీ. మనం తర్వాత...”

“లేదక్కయ్యా, తమ్ముడు బయటికి రావాలంటే తెలిసింది చెప్పాలి కదా. ఆ మధ్యాహ్నం కూడా భోజనం దగ్గర ఇద్దరూ ఆ రేకు గురించే పోట్లాడుకున్నారు. తమ్ముడు ఇక ఈ గుమ్మం తొక్కనని వెళ్లిపోయాడు. ఈయన అన్నం వదిలేశారు. ఆ దిక్కుమాలిన చప్పుడు ఆగిపోతే ఇద్దరి గొడవా ఆగుతుందనుకున్నాను. ఈయన బట్టలు మార్చుకుంటుంటే కుట్టుమిషను నూనె డబ్బా తీసుకెళ్లాను. ఎడమ చక్రం సందుల్లోంచి చూస్తే రేకు రాసుకున్న చోట గీత మెరుస్తోంది. అక్కడే ముక్కు పెట్టి డబ్బా నొక్కాను. తలుపు బందులకు వెయ్యమా? అలాగే. చప్పుడు తగ్గింది కూడా. చెప్పాను కదా, ఆ రోజు సన్నగా వచ్చిందని.”

బ్రేకు ఇన్‌స్పెక్టరు నోరు తెరవబోతే ఆరా అక్కయ్య ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగానంటే ఆయన అబ్బా అన్నాడు. మరిది టోపీ తీసి చేత్తో పట్టుకుని నేల చూస్తున్నాడు.

ఆవిడ ఒక్కొక్కరి మొహం మార్చి మార్చి చూసింది. “నూనె వేస్తే ఏమవుతుంది అక్కయ్యా?”

ఎంతమంది నోట్లోంచో నిజం లాగిన మనిషి ఆరా అక్కయ్య. తన నోట్లోంచి ఒక నిజం బయట పెట్టడం ఇంత కష్టమని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఏడుపొస్తోంది. అయినా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, దాచకుండా, తేలిక మాటల్లో చెప్పింది. తలుపు బందు తిరగడానికి నూనె వేస్తారనీ, డిస్కును ఆపడానికి మాత్రం గట్టిగా పట్టుకోవాలనీ, నూనె అంటితే ఆ పట్టు ఉండదనీ.

ఆవిడ అంతా వింది. అరవలేదు. రోడ్డు మీద నిలబడ్డ ఆ బుల్లి కారును చాలాసేపు చూసింది.

“ఈ సంగతి చెప్పకుండా తమ్ముణ్ని వదిలే దారి లేదా?”

“లేదమ్మా,” అన్నాడు మరిది. “రేకు ఉందని రుజువైతే సరిపోదు. బ్రేకు ఎందుకు పట్టలేదో కోర్టుకు చెప్పాలి.”

“తమ్ముడికి కూడా తెలుస్తుంది.”

“తెలుస్తుందమ్మా.”

ఆవిడ చేతులు విడిపించుకుని కొంగు భుజం నిండా కప్పుకుంది. జీపు వైపు రెండడుగులు వేసి ఆగి, మరిది మొహంలోకి సూటిగా చూసింది.

“పదండి బాబూ, నేనే వచ్చి చెప్తాను. ఇప్పుడైనా నా మాట నమ్ముతారు కదా?”